హోసూరు భూమి, బెంగళూరు దావా: పరిధినీ కాలపరిమితినీ విడదీయాల్సి వచ్చిన ఒక కేసు

ఇది వాది తరఫు ఫైలు నుంచి రాస్తున్న కేస్ స్టడీ. పరిధి అంటే దావా వినే అధికారం ఏ కోర్టుకు ఉందన్నది, కాలపరిమితి అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు. పార్టీల ఆనవాళ్లు, సర్వే నంబర్లు, ఊరి పేరు తీసేశాను. తేదీలు మార్చాను. అయితే తేదీకి తేదీకి మధ్య లెక్క సరిపోయేలాగే ఉంచాను, ఎందుకంటే ఈ కేసు ప్రాణమంతా ఆ లెక్కలోనే ఉంది.

నేపథ్యం

కొనుగోలుదారు బెంగళూరులో ఎప్పుడో స్థిరపడిన తెలుగు వ్యాపారి. అమ్మకందారు కుటుంబానిది హోసూరు తాలూకా, వాళ్లదీ తెలుగు ఇల్లే. అప్పటికే పిల్లల చదువుల కోసం బెంగళూరు వచ్చేశారు. అత్తిబెలె దాటితే తమిళనాడు. అక్కడి రెండెకరాల పట్టా భూమికి 10.08.2016న బెంగళూరులోనే అగ్రిమెంటు రాసుకున్నారు. ధర 96 లక్షలు, అడ్వాన్సు 30 లక్షలు, బెంగళూరు బ్యాంకు ఖాతా నుంచే చెల్లింపు. రెండు పక్షాలకూ తెలుగే వీలు కాబట్టి అగ్రిమెంటు కూడా తెలుగులోనే రాయించుకున్నారు. రిజిస్టరు చేయలేదు. చివర్లో అందరూ రాసుకునే వాక్యమే: వివాదం వస్తే బెంగళూరు కోర్టులదే అధికారం.

గొడవకు మూలమైన క్లాజు ఇది: "విక్రేత సర్వే, సబ్ డివిజన్ చేయించి, పట్టా తన పేర తెచ్చుకుని 6 నెలల లోపు రిజిస్టరు చేయించవలెను."

ఆ 6 నెలలు దేనికి తగులుతాయి? సర్వే, పట్టా, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి అగ్రిమెంటు తేదీ నుంచి 6 నెలలా? పట్టా వచ్చాక 6 నెలలా? "తెచ్చుకుని" అన్న ఒక్క మాటను రెండు విధాలా చదవొచ్చు. రాసినవాళ్లకు ఆరోజు ఆ అనుమానమే రాలేదు.

తరువాత 2018 జనవరిలో అమ్మకందారు ఇంకో 10 లక్షలు తీసుకుని రసీదు ఇచ్చారు. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉన్న పట్టా 17.09.2019న ఆయన పేర విడిగా మారింది. ఆ నవంబరులో లాయరు నోటీసు వచ్చింది: అగ్రిమెంటు రద్దయింది, రిజిస్టరు చేయం. అది కొనుగోలుదారు చేతికి అందింది 25.11.2019న.

దావా 20.06.2022న బెంగళూరు కోర్టులో దాఖలైంది. మూడు కోరికలు: స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ (అగ్రిమెంటు ప్రకారం రిజిస్టరు చేయించడం), స్వాధీనం, అన్యాక్రాంతం చేయకుండా (ఇంకొకరికి అమ్మేయకుండా) శాశ్వత నిషేధాజ్ఞ.

వచ్చిన సమస్య

అక్టోబరు 2022లో జవాబుతో పాటు ప్రతివాదులు రెండు ఐఏలు (మధ్యంతర దరఖాస్తులు) వేశారు. ఒకటి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 7 రూల్ 11(డి) కింద, దావా కాలపరిమితి దాటింది కాబట్టి ప్లెయింటును (దావా పత్రాన్ని) తిరస్కరించమని. రెండోది ఆర్డర్ 14 రూల్ 2 కింద, పరిధి, కాలపరిమితి ఈ రెంటినీ ప్రిలిమినరీ ఇష్యూలుగా, అంటే మిగతా విచారణకు ముందే తేల్చే ప్రశ్నలుగా, ఒకేసారి విచారించమని.

రెంటినీ ఎందుకు జత చేశారో గమనించాలి. పరిధి లేదని తేలితే ప్లెయింటు వాపసు వస్తుంది, దావా వేరే కోర్టులో బతుకుతుంది. కాలపరిమితి దాటిందని తేలితే అక్కడితో సరి. ప్రతివాదికి నిజంగా కావలసింది రెండోది. అయితే బలంగా ఉన్నది మొదటిది. బలమైన దాని వెనకాల బలహీనమైన దాన్ని నడిపించడం ఆ ఐఏ ఎత్తుగడ. రెండూ రూల్ 2లో పక్కపక్కనే ఉంటాయి (కోర్టు పరిధి, అమల్లో ఉన్న చట్టం దావాకు పెట్టిన నిషేధం), కాబట్టి కోర్టుకు కూడా కలిపి వినడం సహజంగానే తోస్తుంది.

వాళ్ల లెక్క ఇది. అగ్రిమెంటు నుంచి 6 నెలలు అంటే 10.02.2017. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 54 మొదటి భాగం ప్రకారం నిర్ణీత తేదీ నుంచి 3 ఏళ్లు, అంటే 10.02.2020. కోవిడ్ కాలాన్ని మినహాయిస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు 15.03.2020 నుంచి మొదలవుతుంది. గడువు దానికి 34 రోజుల ముందే ముగిసింది, అందుకే ఆ మినహాయింపూ అందదు.

దీనికి తోడు 04.06.2018 నాటి వాట్సాప్ సందేశం ఒకటి చూపించారు. "రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందాం అన్నా" అని వాది అడిగితే "ఇప్పట్లో కాదులే తమ్ముడూ" అని అమ్మకందారు జవాబు. నిర్ణీత తేదీ లేకపోతే ఆర్టికల్ 54 రెండో భాగం ప్రకారం నిరాకరణ తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లు. పోనీ నిర్ణీత తేదీ లేదనుకున్నా ఆరోజే నిరాకరణ తెలిసింది కదా అని వాదన.

వాది వైపు లోపం కూడా ఇక్కడే చెప్పాలి. ప్లెయింటులో వ్యాజ్య కారణం పేరా (దావా వేసే హక్కు ఎప్పుడు పుట్టిందో చెప్పేది) అలవాటుగా రాసేసినది: 10.08.2016న, 10.02.2017న, 04.06.2018న, 25.11.2019న, "ఆపై రోజురోజుకూ" ఉత్పన్నమైంది అని. ఎదుటివాళ్లకు కావలసిన తేదీలన్నీ మన చేతులతోనే ఇచ్చినట్టయింది. ఆర్డర్ 7 రూల్ 11లో కోర్టు చూసేది ప్లెయింటునూ దాని వెంట పెట్టిన పత్రాలనూ మాత్రమే, జవాబును చూడదు. అలాంటప్పుడు ప్లెయింటులోనే 10.02.2017 అని ఉంటే ప్రతివాది వేరే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. 2020లో దహిబెన్ తీర్పులో సుప్రీంకోర్టు ప్లెయింటు చదివితేనే కాలపరిమితి దాటిందని తేలుతున్న దావాను ఆ దశలోనే తిరస్కరించడాన్ని సమర్థించింది. ఆ తీర్పు వాళ్ల మొదటి అస్త్రం.

మొదట చేసింది, ఎందుకు నిలవలేదు

మొదటి ప్రయత్నం బెంగళూరు పరిధిని నిలబెట్టుకోవడం. వాదనలు మూడు. ఒకటి, ప్రతివాదుల నివాసం ఇక్కడే, అగ్రిమెంటూ చెల్లింపూ ఇక్కడే, కాబట్టి సీపీసీ సెక్షన్ 20 చాలు. రెండు, అగ్రిమెంటులో బెంగళూరు క్లాజు ఉంది. మూడు, సెక్షన్ 16 మినహాయింపు ప్రకారం ప్రతివాది స్వయంగా ఆజ్ఞ పాటిస్తే పూర్తిగా దక్కే ఉపశమనమైతే ఆయన నివాసమున్న కోర్టులోనూ దావా వేయొచ్చు.

మూడూ స్వాధీనం కోరిక దగ్గరే కూలిపోయాయి. స్థిరాస్తి దావా ఆస్తి ఉన్నచోటే వేయాలంటుంది సెక్షన్ 16. సెక్షన్ 20 వర్తించేది దానికి లోబడి మాత్రమే. క్లాజు సంగతి 1971లో హకం సింగ్ వర్సెస్ గామన్ తీర్పుతోనే తేలింది: పరిధి ఉన్న రెండు కోర్టుల్లో ఒకదాన్ని పార్టీలు ఎంచుకోవచ్చు, అసలు పరిధి లేని కోర్టుకు ఒప్పందంతో దాన్ని కట్టబెట్టలేరు. మూడోదానికి హర్షద్ చిమన్‌లాల్ మోదీ వర్సెస్ డీఎల్ఎఫ్ యూనివర్సల్ (2005) అడ్డం. అక్కడ భూమి గుర్గావ్‌లో, దావా ఢిల్లీలో, కోరికలు స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్‌తో పాటు స్వాధీనం. మినహాయింపు వర్తించదంది సుప్రీంకోర్టు. స్వాధీనం ఇప్పించడానికి ప్రతివాది ఆజ్ఞ పాటిస్తే సరిపోదు, భూమి ఉన్నచోట కోర్టు చెయ్యి పడాలి. పైగా ఆ కేసులో ప్రతివాది మొదట పరిధిని ఒప్పుకుని, ఏళ్ల తరువాత మాట మార్చినా ప్లెయింటు వాపసుకే నిలబడింది. స్థల పరిధి మీద అభ్యంతరాన్ని ఇష్యూలు ఖరారయ్యేలోపు లేవనెత్తకపోతే వదులుకున్నట్టే అని చెప్పే సెక్షన్ 21 కూడా అక్కడ వాదిని కాపాడలేదు. మన ప్రతివాదులైతే మొదటి జవాబులోనే లేవనెత్తారు.

తరువాత జనవరి 2023లో ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ ఐఏ: స్వాధీనం కోరిక తీసేస్తాం, రిజిస్ట్రేషన్ ఒక్కటే మిగుల్చుకుంటాం. దీనికి ఆధారంగా చూపింది 2001 నాటి ఆడ్కాన్ ఎలక్ట్రానిక్స్ తీర్పు. ఒట్టి స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా "భూమి కోసం దావా" కాదని అది చెబుతుంది. ఇక్కడ ఒక తేడా చాలామంది గమనించరు. ఆడ్కాన్ లెటర్స్ పేటెంట్ (కొన్ని హైకోర్టులకు అధికారాలిచ్చిన పాత సనదు) 12వ క్లాజు కింద వచ్చిన తీర్పు. మద్రాసు, బొంబాయి హైకోర్టుల ఒరిజినల్ సైడుకు (నేరుగా దావాలు వినే విభాగానికి) ఆ క్లాజు ఉంది. సీపీసీ సెక్షన్ 120 ప్రకారం వాటికి సెక్షన్ 16, 20 వర్తించవు. చెన్నైలో హైకోర్టు ఎదుట చెల్లే వాదనను బెంగళూరు సిటీ సివిల్ కోర్టుకు అలాగే తెచ్చిపెడితే అతకదు. ఇక్కడ సెక్షన్ 16(డి)లో "స్థిరాస్తిలో మరే ఇతర హక్కు లేదా ప్రయోజనం" అన్న విశాలమైన మాట ఉంది. పరిధి లేని కోర్టు తనకు పరిధి తెచ్చిపెట్టే సవరణను అసలు అనుమతించగలదా అనే చిక్కు సరేసరి.

నవంబరు 2023లో సవరణ ఐఏ కొట్టేశారు. పది నెలలు పోయాయి. ఈ కేసులో నిజంగా తప్పటడుగు ఇదే. కారణాలు ఓడిపోవడం కంటే పెద్దవి.

నిర్ణయం మార్చుకోవడానికి కారణాలు

మొదటిది లిమిటేషన్ చట్టం సెక్షన్ 14. పరిధి లేని కోర్టులో గడిపిన కాలాన్ని మినహాయించాలంటే వాది సద్భావంతో, తగిన శ్రద్ధతో దావా నడిపి ఉండాలి. సద్భావం అంటే మామూలు మాటల్లో నిజాయితీ. ఈ చట్టంలో మాత్రం సెక్షన్ 2(హెచ్) దానికి బిగువైన అర్థం ఇచ్చింది: తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినది సద్భావంతో చేసినట్టు కాదు. అలాంటప్పుడు, హర్షద్ చిమన్‌లాల్ తీర్పు పేరు జవాబులోనే రాసి ఇచ్చాక కూడా ఇక్కడే ఉంటామని ఏళ్ల తరబడి పోరాడితే, రేపు హోసూరులో "ఇదేం శ్రద్ధ" అని అడుగుతారు. ఇక్కడ గెలవడానికి చేసే ప్రతి వాయిదా అక్కడ మినహాయింపును కొంచెం కొంచెం కొరుకుతుంది.

రెండోది ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52. దావా నడుస్తుండగా ఆస్తి అమ్మితే కొన్నవాడు తీర్పుకు కట్టుబడాలన్న సూత్రం అందరికీ తెలుసు. దాని వివరణ చదివేవాళ్లు తక్కువ. దావా నడవడం అనేది సమర్థమైన పరిధి ఉన్న కోర్టులో దాఖలైన తేదీ నుంచి మొదలవుతుందని అందులో ఉంది. అంటే బెంగళూరులో దావా ఉన్నంత కాలం ఆ రక్షణ ఉందని నమ్మడానికి వీల్లేదు. మధ్యంతర ఉత్తర్వు ఉన్నా, పరిధి లేని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీద భరోసా ఎంత? ఈ మధ్యలో భూమి మూడో మనిషి చేతికి పోతే కొనుగోలుదారుకు మిగిలేది అడ్వాన్సు వాపసు కోసం కొట్లాట.

కోర్టు ఫీజు బరువు మూడోది. కర్ణాటకలో కట్టిన ఫీజు తమిళనాడు ఖజానాకు లెక్కలోకి రాదనుకునే ముందుకు పోవాలి. తమిళనాడులో మూల్యం మీద 3 శాతం అంటే 96 లక్షలకు 2,88,000 రూపాయలు. ఈ అంకె క్లయింటుకు ముందే చెప్పాలి. చెప్పకుండా వాపసు మెమో వేస్తే, ప్లెయింటు చేతికొచ్చాక డబ్బు సర్దుబాటుకు పోయే ఒక్కొక్క రోజూ కాలపరిమితిలోంచే పోతుంది.

పనిచేసిన దారి

డిసెంబరు 2023లో ఒక మెమో, దానితో ఒక ఐఏ.

మెమోలో స్థల పరిధి మీద ప్రతివాది అభ్యంతరాన్ని ఇక వ్యతిరేకించడం లేదని చెప్పి, రెండు ఐఏల్లోని కాలపరిమితి భాగం మీద ఈ కోర్టు ఏ అభిప్రాయమూ చెప్పవద్దని కోరాం. వాదన సూటిగా ఉంది: ప్లెయింటు వాపసు చేయాల్సిన కోర్టు దాన్ని తిరస్కరించజాలదు. వాపసు ఆర్డర్ 7 రూల్ 10 కింద, తిరస్కరణ రూల్ 11 కింద. పరిధి లేదని తేల్చిన మరుక్షణం కాలపరిమితిని ముట్టుకునే అధికారం కూడా పోతుంది. కాలపరిమితి పరిధికి సంబంధించిన ప్రశ్న కాదని 2019లో నుస్లీ నెవిల్ వాడియా తీర్పులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. పరిధి ఉన్న కోర్టు కాలపరిమితిని సరిగ్గానైనా తప్పుగానైనా నిర్ణయిస్తుంది. అసలు పరిధే లేని కోర్టు ఎలా నిర్ణయించినా ఆ నిర్ణయానికి బలం లేదు.

ప్రతివాదులు లిమిటేషన్ చట్టం సెక్షన్ 3 ఎత్తారు: ఎవరూ అడగకపోయినా కాలపరిమితి చూడటం కోర్టు విధి. నిజమే. ఆ సెక్షన్ చూడమంటుంది, అన్నిటికంటే ముందు చూడమని అనదు. వాళ్లు చూపిన పాత బొంబాయి తీర్పులు కొన్ని మహారాష్ట్రకే పరిమితమైన సీపీసీ సెక్షన్ 9ఏ (పరిధి అభ్యంతరాన్ని ముందుగా తేల్చమనేది) కింద వచ్చినవి. 2018లో ఆ రాష్ట్రం దాన్ని తీసేసింది, కర్ణాటకలో ఎప్పుడూ లేదు. ప్రిలిమినరీ ఇష్యూ మీద ఎవరైనా బొంబాయి తీర్పు చూపిస్తే ముందు చూడాల్సింది అది ఏ నిబంధన కింద వచ్చిందన్నదే.

ఐఏ ఆర్డర్ 7 రూల్ 10ఏ కింద. ఈ రూలు వాడుక తక్కువ, వాదికి చేసే మేలు చాలా ఎక్కువ. వాపసు నిర్ణయాన్ని కోర్టు ముందుగా వాదికి తెలపాలి. అప్పుడు వాది తాను వెళ్లబోయే కోర్టు పేరు చెప్పి, అక్కడ హాజరు తేదీ ఖరారు చేసి రెండు పక్షాలకూ నోటీసు ఇవ్వమని అడగొచ్చు. అలా చేస్తే కొత్త కోర్టు మళ్లీ సమన్లు పంపనక్కర్లేదు. ముగ్గురు ప్రతివాదులు, అందులో ఒకరు ఊళ్లు మారే మనిషి అయినప్పుడు సమన్ల మీద పోయే ఆరు నెలలు మిగిలాయి. దీనికి కట్టాల్సిన మూల్యం, వాపసు ఉత్తర్వు మీద వాదికి అప్పీలు హక్కు ఉండదు. అప్పీలు చేసే ఉద్దేశమే లేనప్పుడు అది నష్టం కాదు.

12.02.2024న వాపసు ఉత్తర్వు వచ్చింది, కాలపరిమితి ఐఏని అభిప్రాయం చెప్పకుండా ముగించారు. హాజరు తేదీ 04.03.2024. ఆ వారంలో చేసిన పనులు: ప్లెయింటు మీద రూల్ 10(2) ప్రకారం దాఖలు తేదీ, వాపసు తేదీ, దాఖలు చేసిన పక్షం పేరు, క్లుప్తంగా కారణం రాసి జడ్జి సంతకం పడిందో లేదో చూడటం. సెక్షన్ 14కు మొదటి రుజువు ఆ ఎండార్స్‌మెంటే, అందులో కారణం రాయకుండా ఇస్తే అక్కడికక్కడే సరిచేయించుకోవాలి. మొత్తం ఆర్డర్ షీటు, జవాబు, అన్ని ఐఏలూ సర్టిఫైడ్ నకళ్లు. హోసూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తాజా ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), అక్కడివాళ్లు విల్లంగం అంటారు. కొత్త లావాదేవీ ఏదీ లేదని తేలాకే ప్రతివాదుల జాబితా ఖరారు చేశాం. షెడ్యూలును (ప్లెయింటులో భూమి వివరాల భాగాన్ని) కూడా మళ్లీ రాయాల్సి వచ్చింది. హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లా 2004లో ధర్మపురి నుంచి విడివడింది, ధర్మపురి 1965లో సేలం నుంచి. ఇంటి పాత పత్రాల్లో మూడు జిల్లాల పేర్లూ కనిపిస్తాయి.

దావా 19.02.2024న కృష్ణగిరి జిల్లాలో పరిధి ఉన్న కోర్టులో దాఖలైంది, అదేరోజు నిషేధాజ్ఞ ఐఏతో. వాపసు తరువాతి దావా పాతదానికి కొనసాగింపు కాదు. ఓఎన్‌జీసీ వర్సెస్ మోడర్న్ కన్‌స్ట్రక్షన్ (2014), ఈఎక్స్ఎల్ కెరీర్స్ (2020) తీర్పులు ఈ మాట గట్టిగా చెప్పాయి. విచారణ మొదటి నుంచి, దాఖలు తేదీ కొత్తదే. అందుకే కాలపరిమితి మినహాయింపును ఆర్డర్ 7 రూల్ 6 ప్రకారం ప్లెయింటులోనే విడి పేరాగా, రోజుల లెక్కతో రాశాం. వ్యాజ్య కారణం పేరాలో ఒకే తేదీ మిగిలింది: 25.11.2019.

మూడు తేదీల లెక్క

హోసూరులో ప్రతివాదులు మళ్లీ కాలపరిమితిని ప్రిలిమినరీ ఇష్యూ చేయమన్నారు. అప్పుడు కోర్టుకు ఇచ్చిన పట్టిక సారాంశం ఇది.

మొదలు 10.02.2017 అయితే 10.02.2020తో ముగిసింది. కోవిడ్ ఉత్తర్వు గానీ సెక్షన్ 14 గానీ దాన్ని బతికించవు.

మొదలు 04.06.2018 అయితే మామూలు గడువు 04.06.2021. సుప్రీంకోర్టు 10.01.2022 ఉత్తర్వు ప్రకారం 15.03.2020 నుంచి 28.02.2022 వరకు మినహాయింపు. 15.03.2020 నాటికి మిగిలిన 447 రోజులు 01.03.2022 నుంచి మొదలై 21.05.2023తో ముగుస్తాయి. (మిగులును 15.03.2020 నాటికి లెక్కించాలన్నది 2024లో ఆరిఫ్ అజీమ్ తీర్పు స్పష్టం చేసింది.) బెంగళూరు దావా ఆ లోపే పడింది, హోసూరు దావా పడలేదు. కాబట్టి సెక్షన్ 14 తప్పనిసరి. 20.06.2022 నుంచి 12.02.2024 వరకు మినహాయిస్తే, అప్పటికి 447లో 111 రోజులే ఖర్చయ్యాయి, 336 మిగిలే ఉన్నాయి.

మొదలు 25.11.2019 అయితే కోవిడ్‌కు ముందు 110 రోజులు పోగా మిగిలిన 986 రోజులు 10.11.2024 వరకు వస్తాయి. హోసూరు దావా సెక్షన్ 14 సాయం లేకుండానే గడువులో ఉంది.

ఈ మూడింటిని పక్కపక్కన పెట్టడంతో కోర్టుకు ఒక విషయం కళ్లకు కట్టింది. ఫలితం చట్టం మీద కాక, ఏ తేదీ నుంచి మొదలుపెట్టాలన్న దాని మీద ఆధారపడి ఉంది. ఆ తేదీ సాక్ష్యం వినందే తేలదు. 1976 సవరణ తరువాత ఆర్డర్ 14 రూల్ 2 ప్రకారం కోర్టు అన్ని ఇష్యూల మీదా తీర్పు చెప్పాలన్నదే నియమం, కేవలం న్యాయ ప్రశ్నను ముందుగా విడదీయడం మినహాయింపు. వాస్తవాలతో కలిసిన కాలపరిమితి ప్రశ్నను ప్రిలిమినరీగా తీసుకోకూడదని రమేశ్ బి. దేశాయ్ (2006) దగ్గర్నుంచి వరసగా చెబుతున్నదే. ఒప్పుకున్న వాస్తవాల మీదే కాలపరిమితి తేలిపోతే మాత్రం ముందుగా తీసుకోవచ్చని సుఖ్‌బీరీ దేవి తీర్పు (2022) అంటుంది. వాది పక్షం ఈ తీర్పును దాచకుండా ముందే చూపించి, ఇక్కడ ఒప్పుకున్నది సందేశం పంపారన్నది మాత్రమే, దాని అర్థాన్ని ఎవరూ ఒప్పుకోలేదని చెప్పడం మేలు చేసింది. ఐఏ కొట్టేశారు.

అగ్రిమెంటు రిజిస్టరు కాలేదు కాబట్టి దావాకే నిషేధం ఉందన్న మూడో అభ్యంతరం ఎక్కువసేపు నిలవలేదు. తమిళనాడులో 01.12.2012 నుంచి విక్రయ అగ్రిమెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయిన మాట నిజమే. అయినా స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాలో సాక్ష్యంగా తీసుకోవచ్చని ఆర్. హేమలత వర్సెస్ కస్తూరి (2023) తేల్చింది.

సాక్ష్యం దశలో "ఇప్పట్లో కాదులే"

ప్రతివాదులు దాఖలు చేసిన స్క్రీన్‌షాట్‌లో ఆ ఒక్క ముక్కే ఉంది. ఇంగ్లీషు అనువాదంలో అది సూటిగా "కుదరదు" అనే అర్థంలో దిగిపోయింది. తెలుగు ఇంట్లో పెరిగిన ఎవరినైనా అడగండి, "ఇప్పట్లో కాదులే" అన్నది ఎగ్గొట్టడమో, వాయిదానో, ఊరడింపో ముందు వెనక మాటల్ని బట్టి తేలుతుంది. "లే" అన్న ఆ చిన్న అక్షరానికి అనువాదంలో చోటే దొరకలేదు. వాది ఫోను నుంచి మొత్తం సంభాషణ తీసి దాఖలు చేశాం. తరువాతి పంక్తి: "పట్టా పని సాగట్లేదు, చూద్దాం." మూడు రోజులకు సర్వే ఫీజు కట్టిన రసీదు ఫోటో, దాని కింద "కట్టేశా తమ్ముడూ." నిరాకరించిన మనిషి సర్వేకు డబ్బు కట్టి రసీదు పంపడు.

దావా 01.07.2024 కంటే ముందే పెండింగులో ఉంది కాబట్టి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సాక్ష్య చట్టం సెక్షన్ 65బి(4) సర్టిఫికెట్టే పెట్టాం. కొత్త భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 170 పెండింగు కేసులను పాత చట్టానికే వదిలింది. అనువాదం మాత్రం కొత్తగా చేయించి, వివాదం ఉన్న మాటలను తెలుగులోనే ఉంచి పక్కన అర్థం రాయించాం. అగ్రిమెంటులోని "తెచ్చుకుని"కి కూడా అదే పద్ధతి.

2018 జనవరి నాటి 10 లక్షల చెల్లింపును ఎలా వాడాలన్నది ఇంకో ఆలోచన. చెల్లింపుతో కాలపరిమితి కొత్తగా మొదలైందని వాదించాలనిపిస్తుంది. అది పొరపాటు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 అప్పు కింద చెల్లింపుకు, వీలునామాతో వచ్చే మొత్తం మీద వడ్డీకి సంబంధించింది, స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్‌కు పనికిరాదు. అందుకే దాన్ని మరో పనికి వాడాం: 6 నెలలు అగ్రిమెంటు తేదీ నుంచే అని విక్రేత అనుకుని ఉంటే, గడువు దాటిన 11 నెలలకు మిగతా మూల్యంలోంచి 10 లక్షలు ఎందుకు తీసుకున్నారు? క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ ప్రశ్నకు సమాధానం రాలేదు. పక్షాల ప్రవర్తనతో కూడా గడువు పొడిగించుకోవచ్చని ఎస్. బ్రహ్మానంద్ వర్సెస్ కె.ఆర్. ముత్తుగోపాల్ (2005) తీర్పు ప్రత్యామ్నాయంగా ఉంది. ఆర్టికల్ 54లో "తేదీ" అంటే క్యాలెండరులో చూపగలిగే నిర్దిష్ట తేదీ అని అహ్మద్‌సాహెబ్ అబ్దుల్ ముల్లా (2009) ఉంది. రెండు అర్థాలకు తావిచ్చే క్లాజు అలాంటి తేదీ ఎలా ఇస్తుందన్నది చివరి వాదన.

కోర్టు నిరాకరణ తేదీగా 25.11.2019నే తీసుకుంది. సెక్షన్ 14 అవసరం లేకపోయినా దాని మీద కూడా వాదికి అనుకూలంగా ఒక పేరా రాసింది. అగ్రిమెంటులోని బెంగళూరు క్లాజు, అందరి నివాసం, వాపసుకు వాదే ముందుకు రావడం అందుకు చూపిన కారణాలు. సవరణ ఐఏ మీద పోయిన పది నెలలను కోర్టు గుర్తించింది, "నిర్లక్ష్యం అనదగినంత కాదు" అన్న మాటతో దాటించింది. ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే ఆ మాట పడేదని నేను అనుకోను.

ఇలాంటి ఫైలు చేతికొస్తే

భూమి ఒక రాష్ట్రంలో, మనుషులు మరో రాష్ట్రంలో ఉన్న అగ్రిమెంట్లు బెంగళూరులో రోజూ వస్తాయి: హోసూరు, హిందూపురం, కుప్పం. ప్లెయింటు రాసే ముందే స్వాధీనం కావాలా వద్దా అన్న ప్రశ్న తేల్చుకుని, కావాలంటే నేరుగా భూమి ఉన్న చోటికే వెళ్లండి. క్లయింటుకు ప్రయాణం కష్టమన్నది కోర్టును ఎంచుకోవడానికి కారణం కాదు.

ప్రతివాది పరిధి, కాలపరిమితి కలిపి ఐఏ వేస్తే, జవాబు కూడా కలిపి వేయకండి. రెండు విడి కౌంటర్లు వేయండి. పరిధి కౌంటరులో కాలపరిమితి తేదీల ఊసే రానివ్వకండి, అక్కడ రాసిన ఒక్క తేదీనైనా రేపటి కోర్టులో ఒప్పుకోలుగా చదువుతారు. పరిధి విషయంలో ఓడిపోతామని తెలిసిన రోజున వాపసు మీరే అడగండి, రూల్ 10ఏ ఐఏతో. కోర్టు ఫీజు డబ్బు అప్పటికే క్లయింటు ఖాతాలో సిద్ధంగా ఉండాలి, ఈసీ దరఖాస్తు అదేరోజు పడాలి. వాపసు ఉత్తర్వు డ్రాఫ్టు చదివేటప్పుడు చివరి పేరాలో కాలపరిమితి మీద ఏ చిన్న వ్యాఖ్య ఉన్నా, ఉత్తర్వు సంతకం కాకముందే లేచి అడగాలి.

ప్రతివాది తరఫున ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. మొదటి తేదీ మీద మీకు నిజంగా నమ్మకం ఉంటే, దాన్ని బెంగళూరులో పరిధి ఐఏతో ముడిపెట్టక ప్లెయింటు సరైన కోర్టుకు చేరేదాకా ఆగండి. అక్కడ ఒప్పుకున్న పత్రాల మీదే లెక్క తేలితే రూల్ 2 మీకు తెరిచే ఉంటుంది.